హారన్‌లో పాడిన అమ్మాయి

ఆదివారం సాయంత్రం ఏడయ్యేసరికి బుజ్జిబాబుగారింట్లో గొడవ మొదలవుతుంది. గొడవంటే మొగుడూ పెళ్ళాలు అరుచుకోవడం కాదు. ఒకరే అరుస్తారు, రెండోవారు టీవీ చూస్తారు.

ఆయన అసలు పేరు సుబ్రహ్మణ్యేశ్వరరావు. కోనసీమలో తీరికకి లోటు లేకపోయినా, అంత పేరు పెట్టి పిలిచే ఓపిక మాత్రం ఎవరికీ లేకపోయింది. అందుకని అరవై ఏడేళ్ళు నిండినా బుజ్జిబాబుగానే మిగిలిపోయాడు. అంబాజీపేటకి ఆనుకున్న పల్లెలో ఇల్లు. ముందు గదిలో కొడుకు సెల్‌ఫోన్ల కొట్టు, వెనక కొబ్బరిచెట్లు, మధ్యలో టీవీ. ఆ టీవీలో ఆదివారం ఆదివారం పాటల పోటీ.

"పాట అయిపోయాక ఆ ఏడుపేంటి సత్యవేణీ? ఎవరు పోయేరని?" అంటాడు బుజ్జిబాబు.

"ఆయ్, అవునండి," అంటుంది సత్యవేణి తెర మీంచి చూపు తిప్పకుండా.

"మార్కులేంటసలు? పాటేవన్నా కొబ్బరికాయా, సైజు చూసి కుప్పలెయ్యడానికి? మా రోజుల్లో మార్కుల్లేవు. జనానికి నచ్చితే వన్స్ మోర్. నచ్చకపోతే లేచి శనగలు కొనుక్కునేవారు. అంతే!"

"ఆయ్."

"ఆ పిల్లాడి చేత వాళ్ళ నాన్న ఆటో తోలతాడని చెప్పించేరు చూసేవా? పాటకీ ఆటోకీ ఏంటమ్మా సంబంధం?"

ఈ మాటకి సత్యవేణి సమాధానం చెప్పదు. అప్పటికే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయి ఉంటుంది. మగపిల్లలు పాడుతున్నంతసేపూ ఆవిడకి పొయ్యి మీద ఏదో ఒక పని తగులుతుంది. ఆడపిల్ల పేరు పిలవగానే చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి కూచుంటుంది. కూర మాడినా కదలదు. బుజ్జిబాబు ఇది ఎన్ని ఆదివారాలు చూశాడో, ఒక్కసారీ పట్టించుకోలేదు. తన మాటలు తను వినడంలో ఆయనకంత శ్రద్ధ.

ఆయన మాటలకి పునాది లేకపోలేదు. ఆయన ఒకప్పుడు 'లేడీ వాయిస్' బుజ్జిబాబు.

పద్దెనిమిదేళ్ళప్పుడు కొబ్బరి దింపుల దగ్గర కాయల లెక్కకి కుదిరాడు. కాయలు లెక్కపెట్టడం కూడా ఒక పాటే ఇక్కడ. మొదటి కాయకి 'ఒకటి' అనరు, 'లాభం' అంటారు. ఆ 'లాభం' దగ్గర రాగం ఎత్తుకుని, కుప్ప తరిగేదాకా దించకుండా సాగదీస్తారు. ఓ రోజు ఎండకి మిగతా లెక్కగాళ్ళ గొంతులు రాసుకుపోతుంటే, బుజ్జిబాబు సరదాకి ఆడగొంతుతో లెక్క అందుకున్నాడు. చెట్టెక్కి కాయలు కోస్తున్న దింపు అప్పారావు నవ్వలేక గెల పట్టుకుని వేలాడాడు. అటుగా సైకిలు మీద పోతున్న జయప్రకాష్‌గారు మాత్రం నవ్వలేదు. సైకిలు దిగి, ఎవరో ఆడపిల్ల అనుకుని కుప్ప చుట్టూ తిరిగి వెతికాడు.

జయప్రకాష్‌గారిది జయవాణి ఆర్కెస్ట్రా. హార్మోనియం ఉంది, డోలక్ ఉంది, మగగొంతులు కావలసినన్ని ఉన్నాయి. ఆడగొంతు లేదు. తీర్థాల్లో, చవితి పందిళ్ళలో పాడడానికి ఆ రోజుల్లో ఆడపిల్లని పంపే ఇల్లు చుట్టుపక్కల లేదు. యుగళగీతంలో సగం పాడి, మిగతా సగం హార్మోనియం మీద వాయించేసేవారు. పెళ్ళికూతురు లేని పెళ్ళిలా ఉండేదట. బుజ్జిబాబు దొరికాక ఆ బాధ తీరింది.

జయప్రకాష్‌గారు ఆయనకి నేర్పిన విద్య ఒక్కటే. "మగ చరణం జనం వేపు చూసి పాడు. ఆడ చరణం వచ్చేసరికి ఎడం పక్కకి తిరిగిపో. నీ మీసం కనపడిందంటే పాట పాడైపోద్ది." అలా తిరగడం బుజ్జిబాబుకి జన్మలో పోని అలవాటైంది. ఇప్పటికీ పెరట్లో కూనిరాగం తీసినా, ఆడ చరణం దగ్గర దూడ వైపు తిరిగిపోతాడు.

ఎన్ని తీర్థాలు, ఎన్ని పందిళ్ళు! సఖినేటిపల్లి రేవులో పంటు మీద పెట్టెలెక్కించి అవతలి గట్టుకి తీసికెళ్ళి పాడారు. మలికిపురం వైపు ఒక తీర్థంలో, పాడేది మగాడంటే జనం నమ్మలేదు. తెర వెనక పిల్లని దాచారని గోల. చివరికి ఊరి పెద్దమనిషి ఒకాయన టార్చిలైటు పట్టుకుని స్టేజి ఎక్కాడు. తెర ఎత్తి చూశాడు, పెట్టెలు కదిపి చూశాడు. బుజ్జిబాబు నోటి దగ్గర చెవి పెట్టి ఒక చరణమంతా విన్నాడు. తరవాత మైకు లాక్కుని, "లేదండీ, ఈయనేనండీ!" అని ప్రకటించాడు. ఆ రోజు ఆయనకి పేరు తెచ్చిన యుగళగీతం, పడవ పాట, నాలుగుసార్లు పాడించారు. వన్స్ మోర్ అంటే మళ్ళీ పాడి తీరాలి, అది ఇక్కడి ధర్మం. ఎంత గొంతు నెప్పైనా, ఎంత ఆలస్యమైనా, అడిగితే కాదనకూడదు. మొదటి వన్స్ మోర్ ఎప్పుడూ అప్పారావుదే. వాడు ఎక్కడ కూచున్నా ఆ కేక పోల్చుకునేవాడు బుజ్జిబాబు.

ఇక ఆయన పెళ్ళి కథ. దాన్ని ఆయన చెప్పగా వినని బంధువు లేడు. శుభకార్యాల్లో భోజనాలయ్యాక ఎవరో ఒకరు, "బుజ్జిబాబూ, ఆ కథ చెప్పవయ్యా," అంటారు. ఆయన తాంబూలం ఓ బుగ్గన నొక్కి మొదలెడతాడు.

"అప్పనపల్లి సంబంధమండి. పెళ్ళిచూపులకెళ్ళేం. పిల్ల తల్లి అచ్చాయమ్మగారు తలుపు దగ్గర నిలబడి, 'బాబూ, మీరు జయవాణిలో పాడతారటగా. అందులో పాడే అమ్మాయి మీకు తెలుసా అని మా సత్యవేణి అడుగుతోందండి' అన్నారు. మా వాళ్ళందరూ నావంక చూసేరు. నేను గొంతు సవరించుకుని, ఉన్నచోటే కూచుని, ఆడగొంతుతో పడవ పాట ఎత్తుకున్నానండి! లోపల గ్లాసు కింద పడింది. పిల్ల భోరుమంది. అచ్చాయమ్మగారు వచ్చి, 'సిగ్గండీ, చిన్నపిల్ల' అన్నారు. అదండీ సంగతి. మా ఆవిడ మనసు పడ్డది మొదట ఓ ఆడపిల్ల మీద, తరవాత నా మీద. ఇద్దరం ఒకటేనని తెలిసి సిగ్గుతో ఏడ్చేసింది!"

జనం పొట్టలు పట్టుకుని నవ్వుతారు. సత్యవేణి ఆ కథ దగ్గర ఎప్పుడూ ఉండదు. వడ్డనలకో, పిల్లల్ని నిద్రపుచ్చడానికో వెళ్ళిపోతుంది. సిగ్గు ఇంకా తీరలేదంటారు చుట్టాలు.

తొంభైల్లో జయప్రకాష్‌గారు బేబి అనే అమ్మాయిని కాకినాడ నుంచి తెచ్చారు. నిజం ఆడపిల్ల, నిజం ఆడగొంతు. పాటలు నేర్పమని ఇంటికి పంపితే, బుజ్జిబాబు తలనొప్పి అని గదిలో పడుకున్నాడు. సత్యవేణే ఆ పిల్లకి అన్నం పెట్టి, పక్కన కూచుని ఏదో మాట్లాడి పంపింది. ఆ తరవాత ఆయన ఆర్కెస్ట్రాకి వెళ్ళడం మానేశాడు. కొన్నాళ్ళకి ఆర్కెస్ట్రాలే పోయాయి. స్పీకరు డబ్బాల పాటలొచ్చాయి, డీజేలొచ్చాయి. జయప్రకాష్‌గారు కాలం చేశారు. బుజ్జిబాబుకి కాయల లెక్క మిగిలింది, అదీ మోకాళ్ళ నెప్పులతో వదిలేసి కొడుకు కొట్టులో కూచుంటున్నాడు.

ఆయనకి లోపల ఒక్క వెలితి ఉండిపోయింది. అన్ని ఊళ్ళు విన్నాయి గానీ, పెళ్ళాం తన పాట ఒక్కసారీ ఎదురుగా కూచుని వినలేదు. పెళ్ళికి ముందు కొబ్బరిచెట్టుకి కట్టిన మైకు హారన్‌లో, పెళ్ళిచూపుల నాడు తలుపు చాటు నుంచీ విన్నదే. పెళ్ళయ్యాక, కోడలు తీర్థాల్లో కూచుని మొగుడి పాట వినడమేమిటని అత్తగారు పంపలేదు. తరవాత పిల్లలు. తరవాత పాడేందుకు స్టేజి లేదు. పోయేలోగా ఒక్కసారి సత్యవేణి ముందు వరసలో కూచుంటే, తను తెల్ల ప్యాంటు వేసుకుని పాడితే చాలుననుకునేవాడు. ఎవరితోనూ అనలేదు.

అందుకే మనవరాలు కావ్య పోయినేడు, "తాతయ్యా, నీ వీడియో టీవీ వాళ్ళకి పంపించేను. అరవై దాటినవాళ్ళకి స్పెషల్ పెట్టేరు. అమలాపురంలో ఆడిషన్‌కి రమ్మన్నారు," అన్నప్పుడు ఆయన కోప్పడాల్సినంత కోప్పడలేదు.

"మార్కులేసే చోటికి నేను రాను," అన్నాడు.

సాయంత్రానికి జుట్టుకి రంగు తెప్పించుకున్నాడు.

"మార్కులేసే చోటికి రంగెందుకు తాతయ్యా?" అంది కావ్య.

"మార్కులకి కాదమ్మా, మర్యాదకి."

ఆ వారమంతా సత్యవేణి పొద్దున్నే మిరియాల కషాయం కాచి ఇచ్చింది. ఆ రోజుల్లోనూ ప్రతి కచేరీకి ముందు ఆవిడే కాచేది. బుజ్జిబాబు గ్లాసు పట్టుకుని, ఎటో చూస్తూ, "నువ్వూ రా. ఊరికే కూచుందువుగాని," అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకి నలభై అయిదేళ్ళు పట్టింది. సత్యవేణి బీరువాలోంచి గంధం రంగు పట్టుచీర తీసి ఎండలో వేసింది.

అమలాపురంలో ఓ కళ్యాణ మండపంలో ఆడిషన్. కుర్చీల నిండా తాతలూ మామ్మలూ. బల్ల వెనక హైదరాబాదు కుర్రాడొకడు, ఎదురుగా కెమెరా. కుర్రాడు మర్యాదస్తుడే. బుజ్జిబాబు వీడియో తనకి చాలా నచ్చిందన్నాడు. తరవాత కాస్త నసిగి, "తప్పుగా అనుకోకండి అంకుల్. సెలెక్ట్ అయితే మీరు చీర కట్టుకుని వస్తే ఎపిసోడ్ అదిరిపోతుంది," అన్నాడు.

బుజ్జిబాబు మొహం కందగడ్డలా అయింది. "బాబూ, నేను గొంతు మార్చేను గానీ వేషం మార్చలేదు. నవ్వించడానికి పాడలేదు. ప్యాంటుతోనే పాడేను, ప్యాంటుతోనే పోతాను," అన్నాడు.

"సరే అంకుల్, మీ ఇష్టం. పాడండి."

ఆయన పడవ పాట ఎత్తుకున్నాడు. మగ చరణం బాగానే వచ్చింది. కెమెరా వైపు, జనం వైపు చూస్తూ దర్జాగా పాడాడు. ఆడ చరణం రాగానే కాళ్ళు వాటంతటవే ఎడం పక్కకి తిరిగాయి.

ఎడం పక్క గోడవార కుర్చీలో సత్యవేణి కూచుని ఉంది.

ఇన్నేళ్ళూ ఆ పక్కకి తిరిగితే తెరో, డోలక్కో, చీకటో కనపడేది. ఇప్పుడు గంధం రంగు చీరలో పెళ్ళాం, రెప్ప వెయ్యకుండా తనవైపే చూస్తోంది. గొంతు పైకి లేవబోయి చీలిపోయింది. మళ్ళీ ఎత్తుకున్నాడు. ఈసారి గాలి తప్ప ఏమీ రాలేదు. వయసైపోయిన ఆడగొంతుకి మందు లేదని ఆయనకి అప్పుడు తెలిసింది.

అప్పుడు సత్యవేణి పాడింది.

కుర్చీలోంచి లేవను కూడా లేవలేదు. ఆయన వదిలేసిన చోట అందుకుని, ఆ చరణం చివరిదాకా పాడింది. బుజ్జిబాబు ఎక్కడ ఊపిరి తీసుకునేవాడో అక్కడే తీసుకుంది, ఎక్కడ విరుపు పెట్టేవాడో అక్కడే పెట్టింది. అయితే ఆయన గొంతు నేర్చుకుని చేసిన గొంతు, ఇది పుట్టుకతో వచ్చినది. మండపంలో మామ్మలందరూ మాటలాపేశారు. ఎవరో వెనక నుంచి, "వన్స్ మోర్ అమ్మా!" అని కేకేశారు. కావ్య నోరు తెరుచుకుని ఉండిపోయింది. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. ఈ ఇంట్లో వాళ్ళు ఆ చెట్టుందనే ఎరగరు.

సత్యవేణి మళ్ళీ పాడింది. అడిగితే కాదనకూడదు కదా.

బయటికొచ్చాక కావ్య కాలేజీకి పోయింది. మొగుడూ పెళ్ళాం ఎర్రవంతెన దగ్గర చెరకురసం బండి పక్క బల్ల మీద కూచున్నారు. బుజ్జిబాబు రసం తాగకుండా గ్లాసు తిప్పుతూ కూచున్నాడు. సంతోషమో, కోపమో, పరువు పోయిందన్న దిగులో ఆయనకే తెలియలేదు. అన్నీ కొంచెం కొంచెం ఉన్నాయి.

"ఎప్పుడు నేర్చుకున్నావు?" అన్నాడు చివరికి.

"నేర్చుకోడమేంటండి. హారన్‌లో వినేదాన్ని కదా." సత్యవేణి కొంగుతో గ్లాసు అంచు తుడిచింది. "ఓ మాట చెప్పనా? మీరు పెళ్ళిచూపుల కథ చెప్పినప్పుడల్లా నేను సిగ్గుతో ఏడ్చేనంటారు. సిగ్గు కాదండి అది."

"మరి?"

"మా ఇంటి పక్క చెట్టుకి హారన్ కట్టేవారు. తీర్థాలకి మమ్మల్ని పంపేవారు కాదు, అరుగు మీద కూచుని వినేవాళ్ళం. అందులో ఒకమ్మాయి పాడేది. నా ఈడే అనుకునేదాన్ని. ఆ అమ్మాయి ఎలా ఉంటుందో, ఏం లంగా కట్టుకుంటుందో అన్నీ అనేసుకున్నాను. నాకూ పాడాలని ఉండేదండి. మా నాన్నగారితో దెబ్బలాడేదాన్ని. 'ఆ అమ్మాయిని వాళ్ళ నాన్నగారు పంపలేదేంటండి? ఆ అమ్మాయిని ఎవరన్నా ఏవన్నా అన్నారేంటండి? నేనూ షష్ఠి తీర్థంలో ఒక్క పాట పాడతానండి' అని. రోజూ అదే గోల. చివరికి ఆయన మెత్తబడ్డారు కూడాను. వచ్చే తీర్థానికి చూద్దాంలే అన్నారు."

బండివాడు గానుగ తిప్పుతుంటే గంటలు మోగుతున్నాయి.

"ఈలోగా మీరొచ్చేరు. మా ఇంట్లోనే కూచుని ఆ గొంతుతో పాడేరు. ఆ అమ్మాయే లేదని తేలిపోయింది. నాన్నగారు లోపలికొచ్చి, 'చూసేవా, ఆడపిల్లని ఏ తండ్రీ పంపలేదు. మగాడి చేత పాడించుకుంటున్నారు' అన్నారు. అందుకేడ్చేనండి. ఇంట్లో మనిషి పోయినట్టే అనిపించింది."

బుజ్జిబాబు చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"మీ తప్పేవుంది లెండి. మీరు బానే పాడేవారు," అంది సత్యవేణి. "ఆ బేబి వచ్చిన రోజు, అన్నం పెడుతూ దాని మొహం అలా చూస్తూ ఉండిపోయేను. ఇదిగో, వచ్చింది కదా ఆ అమ్మాయి అనుకున్నాను. ఈ టీవీ పోటీలు కూడా అందుకే చూస్తానండి. ఏడవనీండి, మార్కులేసుకోనీండి, నాకనవసరం. ఆడపిల్ల పక్కకి తిరక్కుండా, ఎదురుగా నిలబడి పాడుతుంది. నాకది చాలు."

బుజ్జిబాబు చెరకురసం అలాగే వదిలేసి లేచాడు.

వారం తరవాత ఫోనొచ్చింది. నంబరు ఆయనది కాబట్టి ఆయనే ఎత్తాడు. ఆ కుర్రాడే. "అంకుల్, సారీ అండి, మీది సెలెక్ట్ అవలేదు. ఆంటీగారిది అయ్యింది. ఆరోజు కెమెరాలో అంతా పడింది. ఆవిడ వస్తారా? రేపటిలోగా చెప్పండి."

సత్యవేణి పెరట్లో ఉంది. కావ్య ఇంట్లో లేదు. ఈ ఫోను సంగతి ప్రపంచంలో ఒక్క బుజ్జిబాబుకే తెలుసు. చెప్పకపోతే అడిగేవారు లేరు. జీవితంలో తనకంటూ ఉన్నది ఆ గొంతొక్కటే. అదీ ఇప్పుడు పెళ్ళాం పేరు మీద వెళ్ళిపోతోంది. బేబి వచ్చిన నాటి తలనొప్పి మళ్ళీ పట్టుకున్నట్టయింది. వెళ్ళి గదిలో పడుకున్నాడు.

పడుకుంటే నిద్ర రాలేదు. అప్పనపల్లిలో ఒక అరుగు, దాని మీద పదహారేళ్ళ పిల్ల, వచ్చే తీర్థానికి చూద్దాంలే అంటున్న మామగారు కళ్ళ ముందు కదిలారు. ఈ ఫోను మాట మింగేస్తే ఆ పిల్లని ఇంట్లో కూచోబెట్టిన వాళ్ళలో తనూ ఒకడవుతాడు. ఒకసారి తెలియక అయ్యాడు. ఈసారి తెలిసి అవుతాడు.

మర్నాడు పొద్దున్న సత్యవేణి లేచేసరికి వంటింట్లో పొయ్యి వెలిగి ఉంది. బుజ్జిబాబు మిరియాలు దంచుతున్నాడు. సగం రోట్లో, సగం నేల మీద ఉన్నాయి.

"ఎవరికండి దగ్గు?"

"దగ్గుక్కాదు," అన్నాడు ఆయన గ్లాసు చేతికిస్తూ. "హైదరాబాదులో పాడాలిట నువ్వు. గొంతు జాగ్రత్త. ఇవాళ్టి నుంచి పెరుగు మానెయ్."

సత్యవేణి గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది. కషాయంలో ఆయన బెల్లం వెయ్యడం మర్చిపోయాడు. ఆవిడ ఆ సంగతి చెప్పకుండా మొత్తం తాగేసింది.

హైదరాబాదులో జరిగింది చెప్పుకోడానికి పెద్దగా లేదు, నవ్వుకోడానికి ఉంది. అంత వెలుతురులో, అన్ని కెమెరాల మధ్య సత్యవేణి మోకాళ్ళ నెప్పితోనే నిలబడింది. ఎందుకొచ్చారమ్మా అని యాంకరమ్మాయి అడిగితే, "నా చిన్నప్పుడు హారన్‌లో ఓ అమ్మాయి పాడేదండి. ఆ అమ్మాయి కోసం వచ్చేను," అంది. పడవ పాట పాడింది. చప్పట్లు కొట్టమన్నప్పుడే కొట్టాలని జనానికి ముందే చెప్పారు. కానీ పాట అవగానే ప్రేక్షకుల్లోంచి ఒక కేక లేచింది. "వన్స్ మోర్!"

అరిచింది బుజ్జిబాబే. జీవితంలో ఆయన ఆ కేక వినడమే గానీ వెయ్యడం అదే మొదలు.

చెవులకి యంత్రం పెట్టుకున్న టీవీ వాళ్ళ అమ్మాయి పరుగెత్తుకొచ్చి, "సార్, అలా అరవకూడదు సార్!" అంది. ఇంతలో స్టేజి మీద జడ్జీగారు మాట్లాడడానికి మైకందుకున్నారు. కానీ సత్యవేణికి వన్స్ మోర్ వినపడింది. అడిగాక కాదంటే మర్యాద కాదు. పక్కన సంగీతం లేకపోయినా, జడ్జీగారు నోరు తెరిచి ఉన్నా, ఆవిడ చరణం మళ్ళీ మొదటి నుంచీ ఎత్తుకుంది. ఎవరూ ఆపలేకపోయారు. మార్కులు మాత్రం తక్కువొచ్చాయి. మొదటి అంచెలోనే, దండం పెట్టి, శాలువా కప్పి పంపేశారు.

ఆ భాగం టీవీలో వచ్చిన ఆదివారం బుజ్జిబాబుగారి అరుగు నిండా జనం. పెళ్ళికొచ్చినట్టు చాపలు పరిచారు. ఏడయింది. ఎనిమిది కావస్తుండగా సత్యవేణి కనపడింది. పల్లవి సగం పాడేసరికి బొమ్మ మారిపోయి శాలువా కప్పుతున్నారు. హారన్‌లో అమ్మాయి మాట లేదు. చరణం లేదు. వన్స్ మోర్ అసలే లేదు. అన్నీ కోసేశారు.

బుజ్జిబాబు రిమోటు నేలకేసి కొట్టినంత పని చేశాడు. "చూసేవా సత్యవేణీ! నే మొదట్నించీ చెబుతూనే ఉన్నానా ఈ పోటీల సంగతి! మనిషిని అంత దూరం రప్పించి, పాట పీక నొక్కేసేరు!"

"పోనీలెండి. కనపడ్డాను కదా," అంది సత్యవేణి నవ్వుతూ. "తిన్నగా ఎదురుగానే నిలబడ్డాను."

"కనపడితే చాలా? వినపడాలి!" ఆయన టీవీ కట్టేశాడు. అరుగు మీది జనాన్ని చూసి, పెళ్ళాం వైపు తిరిగి, గొంతు చించుకుని అరిచాడు. "వన్స్ మోర్!"

జనమంతా అందుకున్నారు. కావ్య మామ్మని గుమ్మంలోకి లాక్కొచ్చి నిలబెట్టింది. సత్యవేణి పైట సర్దుకుని, జనం వైపు చూసి, పడవ పాట మొదలెట్టింది.

బుజ్జిబాబు అక్కడ కూచోలేదు. జనాన్ని తప్పించుకుని, ఇంటి పక్కనుంచి కొబ్బరిచెట్లలోకి నడిచి, కాలవగట్టు దాకా పోయి నిలబడ్డాడు. మనిషి కనపడకుండా పాటొక్కటే వినపడితే ఎలా ఉంటుందో ఆయనకి ఇన్నేళ్ళలో తెలియదు. చెట్ల మధ్య నుంచి ఆ గొంతు తేలి వస్తోంది. పదహారేళ్ళ పిల్లెవరో పాడుతున్నట్టే ఉంది. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు, మళ్ళీ తడిశాయి, ఈసారి తుడుచుకోలేదు.

గట్టు మీద మోపెడ్ ఒకటి వచ్చి ఆగింది. దింపు అప్పారావు, ముసలాడైపోయాడు. పొరుగూరు నుంచి వస్తూ, పాట చెవిన పడి ఇంజను ఆపేశాడు. చెట్లలో ఉన్నదెవరో గమనించకుండా, వెనక కూచున్న కొడుకుతో మురిసిపోతూ అంటున్నాడు. "విన్నావంట్రా? బుజ్జిబాబుగారు! ఈ వయసులో కూడా ఆ గొంతు చూడు. అచ్చం ఆడపిల్లేననుకుంటాం."

బుజ్జిబాబు చెట్టు చాటునుంచి ముందుకొచ్చాడు. అప్పారావు ఆయన్ని చూశాడు. ఇంటి వైపు చూశాడు. మళ్ళీ ఆయన్ని చూశాడు. పాట ఇంకా వినపడుతూనే ఉంది.

"ఆయ్, నేను కాదు అప్పారావూ," అన్నాడు బుజ్జిబాబు. "ఈసారి నిజంగా ఆడమనిషే."